రాజవ్వ పెట్టిన ఏడాది గడువు

బెజవాడ వాళ్లకు నిజాం రాజ్యం వెళ్లడం విదేశయానం కిందే లెక్క. సరిహద్దులో సుంకం వాళ్లు మూట విప్పించి చూస్తారు. మన ఇంగ్లీషు కల్దారు రూపాయి అక్కడ నిజాం హాలీ సిక్కాగా మారాలి. తపాలా బిళ్ల కూడా వేరే. ఆ పరాయి రాజ్యంలో, ఎడపల్లి దగ్గర ఓ చిన్న ఊళ్లో, ఏడాదిపాటు వాలంటీరుగా ఉండి వచ్చాను. అక్కడివాళ్లు నారు అనే నారికురుపును ఆ ఊరి నుంచి వెళ్లగొట్టడం నా పని. దిగుడు బావి నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాల్లోంచి దారం లాంటి పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. ఆ పుండు కాలితోనే మళ్లీ మెట్లు దిగుతారు, పురుగు మళ్లీ నీళ్లలో చేరుతుంది. అందుకే మెట్లకు అడ్డంగా గోడ కట్టించి, పైన గిరక పెట్టించాను, నీళ్లు గుడ్డలో వడగట్టి తాగడం నేర్పాను.

తీరా గోడ లేచాక కూడా ఆ ఎండాకాలం ఊరంతా కుంటింది. అవి గోడ కట్టకముందు తాగిన నీళ్ల పురుగులని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. కొందరైతే గోడ పడగొట్టడానికి గడ్డపారలు పట్టుకొచ్చారు. అడ్డం నిలబడింది రాజవ్వ ఒక్కతే. నేనున్నది ఆమె ఇంట్లోనే.

"ఒక్క ఏడు సూద్దం. వచ్చే మిరుగుకు ఒక్కని కాలికి నారు ఎల్లినా ఈ గోడ నేనే కూలగొడ్త" అంది వాళ్లతో. నా వైపు తిరిగి, "గప్పుడు నువ్వు గూడ రావాలె బిడ్డా. మొఖం సాటేస్తె ఊకోను" అంది. తర్వాత నేను బెజవాడ వచ్చేశాను; ఏడు తిరిగి మిరుగు, అంటే మృగశిర కార్తె, రాగానే మళ్లీ బయల్దేరాను.

సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి నిజామాబాదులో దిగుతాం. స్టేషను బయట డబ్బు మార్చుకుని, కంఠేశ్వర్ వైపు నడిచి, వేడి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తిన్నాను. అణాకు కడుపు నిండింది, కళ్లలో నీళ్లూ నిండాయి. బోధన్ వెళ్లే మోటారు బస్సు మనుషులు నిండితే గాని కదలదు. ఎనిమిదింటికన్నది తొమ్మిదిన్నరకు కదిలింది. దారి పొడుగునా కాలవ నీళ్లు, చెరుకు తోటలు. పక్కన కూర్చున్న మరాఠీ బేరగాళ్లు బెల్లం ధర గురించి పోట్లాడుకుంటున్నారు.

ఎడపల్లిలో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నాను. బండి తోలే గంగారం మాటకారి. "గిరక బాయి ఊరికా అక్కా? పోదాం పా" అన్నాడు.

"ఆ ఊళ్లో ఈ ఏడు ఎవరికైనా నారు లేచిందా అన్నా?"

"నాకేమెరుక? గని రాజవ్వ కొడుకు సాయిలు నిన్న అంగట్ల కనవడ్డడు. కుంటుకుంట పోతుండె."

అంతమంది ఉండగా రాజవ్వ కొడుకుకే రావాలా? ఎద్దులు మెల్లగా నడుస్తుంటే విసుగొచ్చింది, వేగంగా నడిస్తే భయమేసింది.

ఊళ్లోకి వెళ్లాక ఎవరి ముఖమూ చూడలేదు, అందరి కాళ్లే చూస్తూ నడిచాను. బావి దగ్గర గోడ అలాగే ఉంది. అంతలో సాయిలు ఎదురొచ్చాడు, మడమకు గుడ్డకట్టుతో, కుంటుకుంటూ. వెనకే రాజవ్వ. పలకరింపు కూడా లేకుండా నేల మీద కూర్చుని కట్టు విప్పాను. పొక్కు! నారు కూడా పొక్కుతోనే మొదలవుతుంది. రెండో కాలు చూపించమన్నాను. అక్కడా పొక్కే, సరిగ్గా అదే చోట. సాయిలు సిగ్గుతో తల దించుకున్నాడు.

రాజవ్వ పకపకా నవ్వింది. "నారు కాదు బిడ్డా, కొత్త సెప్పులు కరిసినయ్! మిరుగు అస్తే ఈని కాలు ఉబ్బి సెప్పుల పట్టకపోతుండె. ఈ ఏడు బోధన్ల కిర్రుసెప్పులు కొనుక్కొచ్చి ఊరందరికి సూపిచ్చుకుంట తిరిగిండు. పో, ఇల్లిల్లు తిరిగి సూడు. ఒక్కని కాలికి గూడ నారు లేదు!"

నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. రాజవ్వను పట్టుకుని ఏడ్చాను, నవ్వాను. గెలిచాం! పొలాల్లో అందరూ నిటారుగా నడుస్తూ విత్తనాలు చల్లుతున్నారు. ఆ ఊళ్లో మిరుగుకు అలాంటి దృశ్యం నేనెన్నడూ చూడలేదు. దాహమేసి గిరక మీద బొక్కెన తోడి దోసిలి పట్టబోతే రాజవ్వ నా చెయ్యి మీద ఒక్కటేసింది. "గట్లనే తాగుతవా? నువ్వు నేర్పిచ్చిందే యాది మర్సినవా?" అని కొంగు మడిచి కుండ మూతికి కట్టి నీళ్లు వడగట్టింది.

పరాయి రాజ్యంలో ఏడాది ఉండి ఏం సాధించావని మావాళ్లు అడుగుతుంటారు. ఒక మనిషికి కొత్త చెప్పులు కరిచేలా చేశానంటాను. వాళ్లు నవ్వుతారు. నాకైతే ఇంతకన్నా గర్వంగా చెప్పుకునే పని ఇంకోటి లేదు. మీరూ అటు వెళ్లేటట్టయితే సంచిలో ఒక నేతగుడ్డ పెట్టుకోండి. ఎవరింట నీళ్లిచ్చినా రెండు మడతలు వేసి వడగట్టుకుని తాగండి. మా గిరక బావి ఊళ్లో మాత్రం గుడ్డ మరిచినా ఫరవాలేదు, వడగట్టందే రాజవ్వ తాగనివ్వదు.