టిష్యూ ప్యాకెట్ వేసిన సీటు

సింగపూర్ వచ్చిన కొత్తలో పగలంతా ఫ్లాట్‌లో ఒక్కదాన్నే తోచక, ఫోన్‌లో స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. "ఇక్కడ ఎవరితో మాట్లాడతావ్ మమ్మీ? వేస్ట్ లా!" అని మా అమ్మాయి సింగపూర్ యాసలో ఏడిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాసిర్ రిస్‌లో, చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో నేనూ మా అమ్మాయీ తింటున్నాం. పక్క టేబుల్ మీద ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లారు. మనం బస్సు సీటు మీద కర్చీఫ్ వేస్తామే, ఇక్కడ ఇదీ అంతే. అది తెలియని ఓ విదేశీ ముసలి జంట ప్యాకెట్ పక్కకి నెట్టి కూర్చున్నారు. ఇంతలో ఆ ప్యాకెట్ పెట్టిన అంకుల్ నూడుల్స్ ట్రేతో వచ్చి ఇంగ్లీషులో వాళ్ల మీద గయ్యిమన్నాడు. ముసలావిడ బిక్కమొహం వేసి భర్తతో ఏదో అంది. స్పానిష్!

లేచి వెళ్లాను. తడబడుతూనే స్పానిష్‌లో చెప్పాను. "ఏమనుకోకండి. మా ఊళ్లో టిష్యూ పెట్టినవాళ్లదే సీటు. రండి, మా టేబుల్ దగ్గర కూర్చోండి." ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదిలితే ఒట్టు.

మా అమ్మాయి కళ్లింత చేసుకుని, "ఏం చెప్పావ్ మమ్మీ?" అంది. తెలుగులో చెప్పబోయి, "మా ఊళ్లో" దగ్గర ఆగిపోయాను. అప్పటిదాకా మా ఊరంటే నాకు తణుకే. సింగపూర్‌ని మా ఊరనడం అదే మొదటిసారి. అదీ స్పానిష్‌లో!