గట్టు అవతలి పూత

మా తోడికోడలి చీనీ తోట, అదే బత్తాయి తోట, పూసిందంటే ఆ సంగతి ముందు నా ముక్కుకే తెలిసేది. పులివెందుల దగ్గర మా రెండు తోటలకూ మధ్య ఉన్నది ఒక్క గట్టే. భాగాలు పంచుకున్నప్పుడు ఆమెకు నల్లరేగడి, మాకు గులకరాళ్ల గరుసు నేల వచ్చాయి. చలి తగ్గుతూ ఉండగా ఆ పూల వాసన గట్టు దాటి మా వంటింట్లోకి వచ్చేది. నేను లేచి వెళ్లి కిటికీ మూసేదాన్ని. కడుపు మండేది, దాచడమెందుకు.

నిజానికి నా చెట్లే ఎక్కువ పచ్చగా ఉండేవి. పూత మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. నేను బెట్ట పెట్టకపోవడం వల్లేనని అందరూ అనేవారు. బెట్ట అంటే పూతకు ముందు కొన్నాళ్లు నీళ్లాపి చెట్టును ఎండగట్టడం. ఆకులు వాడి, చెట్టుకు ప్రాణభయం పుట్టాక నీళ్లు వదిలితే ఒళ్లంతా పూస్తుంది. నేను జమ్మలమడుగు పక్క మెట్ట పల్లెలో పుట్టినదాన్ని. వాన రాక మాడిపోయిన చేలు చూస్తూ పెరిగాను. బోరులో నీళ్లుండగా చెట్టును మాడ్చడం నాకు చేతకాలేదు. ఆకు కాస్త వేలాడితే చాలు, పోయి మోటారు వేసేదాన్ని.

ఒక ఏడు మా ఆయన తెగేసి చెప్పాడు. "ఈసారి గూడా పూయకుంటే కొట్టేసి అరటి పెడదాం."

ఆ చెట్లు నా చేత్తో నాటినవి. మనసు రాయి చేసుకుని నీళ్లు ఆపాను. ఎన్నాళ్లు ఆపాలో తోడికోడలిని అడిగితే సరిపోయేది. అడిగితే ఆమె గొప్ప ఒప్పుకున్నట్టవుతుందని నోరు రాలేదు. ఆమె మోటారు చప్పుడు వినబడిన రోజే నేనూ వదలాలనుకున్నాను. పుల్లలు ఏరే వంకతో గట్టు మీద తిరుగుతూ ఆమె ఆకుల్ని చూసేదాన్ని. అవి కొంచెం వేలాడుతున్నాయి, అంతే. నావి ముడుచుకుపోయి రాలుతున్నాయి. అయినా పంతం వదల్లేదు. ఆమె చెట్లు ఓర్చుకోగా నావెందుకు ఓర్చుకోవు?

ఒక పొద్దున ఆమే గట్టు దిగి వచ్చింది. నా చెట్టు మొదట్లో మట్టి పిడికిట్లోకి తీసుకుంది. అది పొడిపొడిగా జారిపోయింది.

"నన్ను జూసి నీ చెట్లను చంపుకుంటాండావు మే. నాది రేగడి, తేమ దాచుకుంటాది. నీది గరుసు, ఎప్పుడో ఎండిపాయ. ఈ పొద్దే నీళ్లిడువు."

ఆమె కనుమరుగయ్యాక మోటారు వేశాను.

కొన్ని కొమ్మలు ఎండిపోయాయి. మిగతావన్నీ ఆకు కనబడనంతగా పూశాయి. మా ఆయన అరటి మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు చలి తగ్గితే వంటింటి కిటికీ తెరిచే ఉంచుతాను. వచ్చే వాసన ఆమె తోటదో, నాదో తెలియదు.

నా కుళ్లు మాత్రం పోలేదు. నేను ఆమె ఆకుల్ని చూసినన్నాళ్లూ ఆమె కూడా నా ఆకుల్ని చూస్తూనే ఉంది. నా చెట్లు పూయకూడదని ఆమెకు ఒక్కసారైనా అనిపించలేదు. ఆ మనసు నాకు లేదే అని, ఆమె పూతను చూసినప్పటికన్నా ఎక్కువగా ఏడుస్తాను.