అవ్వ నుదుటి నీలం మచ్చ

నా చిన్నప్పుడు మా బాపు చేతులు చూసి, ఆ రోజు మిల్లులో ఏ రంగు నడిచిందో చెప్పేవాడిని. ఆయన సూరత్‌లో, పాండేసర అనే పేటలో, గుడ్డకు రంగు వేసే మిల్లులో పని చేసేవాడు. తొట్టిలోంచి తడి గుడ్డ కొస లాగి, పిండి, వెలుతురులో పెట్టి రంగు సరిగ్గా పట్టిందో లేదో చూడడం ఆయన పని. ఎరుపు రెండు రోజుల్లో వదిలేది. పసుపు ఇంకా తొందరగా పోయేది. నీలం మాత్రం మొండిది, వారం గడిచినా గోళ్ల అంచుల్లో, చెవుల వెనక, మెడ మడతల్లో ఉండిపోయేది. మేమున్న వరుస గదుల్లో అందరి నాన్నలూ అలాగే ఉండేవారు కాబట్టి నాకు అందులో వింతేమీ కనబడలేదు.

బడిలో చేరాకే కనబడింది. నేనూ ఆ తొట్ల దగ్గరికి పోకూడదని బాపు పట్టుబట్టి నన్ను గుజరాతీ బడిలో వేశాడు. అక్కడి పిల్లల నాన్నలు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి దింపిపోయేవారు. ఒకరోజు నేను తిండి డబ్బా ఇంట్లో మరిచిపోయాను. పొద్దుటి షిఫ్టు మధ్యలో అడిగి వచ్చాడో, ఎగ్గొట్టి వచ్చాడో తెలియదు, బాపు ఆ డబ్బా పట్టుకుని మా తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మోచేతుల దాకా నీలం. చెంప మీద కూడా ఒక చార. పక్కనున్న పిల్లవాడు నన్ను పొడిచి "కోణ్ ఛే?" అని అడిగాడు, ఎవరు అని. మా వీధిలో ఉండే మనిషి అని గుజరాతీలోనే చెప్పాను.

అప్పటికి బాపు సూరత్ వచ్చి పన్నెండేళ్లు. ఆయనకు ఆ భాష రాదని ఎలా అనుకున్నానో ఇప్పటికీ తెలియదు. డబ్బా కిటికీ గట్టు మీద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటికి వచ్చి రోజూలాగే స్నానం చేసి అన్నం తిన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లు తిని మరిచిపోయేవాడిని.

ఆ మర్నాటి నుంచి ఆయన మిల్లు నుంచి వస్తూ బ్లీచింగ్ పొడి పొట్లం తేవడం మొదలుపెట్టాడు. బకెట్ నీళ్లలో కలిపి, కొబ్బరి పీచుతో చేతులు తోమేవాడు. వారంలో నీలం కొంచెం పలచబడింది, దాంతోపాటు తోలు కూడా. వేళ్ల సందులు పగిలి నెత్తురు కనబడేది. మర్నాడు ఆ పుండ్లతోనే మళ్లీ తొట్టిలో చేతులు పెట్టేవాడు. అమ్మ కొబ్బరినూనె రాస్తూ ఎందుకిదంతా అని అడిగితే, "పిల్లగానికి నామోషీ అయితుందే" అన్నాడు. నేను గోడవైపు తిరిగి నిద్ర నటించాను.

మా మేనమామ అప్పుడే వచ్చాడు. అమ్మకు తమ్ముడాయన, ఒక సర్కస్‌లో చింపాంజీని చూసుకునేవాడు. ఏటా సర్కస్ సూరత్‌లో డేరా వేసినప్పుడు, అక్క చేతి జొన్నరొట్టె కోసం సైకిల్ మీద పాండేసర దాకా వచ్చేవాడు. ఆ రోజు బాపు రొట్టె తుంచలేక అరచేత్తో నొక్కడం చూశాడు. వాకిట్లో అమ్మను అడిగి సంగతి తెలుసుకున్నాడు. నా వైపు ఒకసారి చూసి, "ఆదివారం వీణ్ణి డేరాకు తీస్కపోతా" అన్నాడు. పోతూ పోతూ బాపు దగ్గర చిటికెడు నీలం రంగు అడిగి కాగితంలో చుట్టుకున్నాడు. ఎందుకని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ చింపాంజీ ముసలిది. ఆటలు మానేసి చాలా కాలమైంది. మామ దాన్ని అవ్వ అని పిలిచేవాడు. గడ్డం కింద తెల్ల వెంట్రుకలు, అలసిన కళ్లు. మామ గంజిలో అరటిపండు పిసికి పెడితే నెమ్మదిగా తిని, గోనె సంచి పరుచుకుని పడుకుంది. డేరాలో ఉక్క చెప్పలేనంత ఉంది. పక్కనే ఇంకో గోనె మీద నేనూ నిద్రపోయాను.

లేచేసరికి మామ ఆటగాళ్లు ముస్తాబు చేసుకునే నిలువుటద్దం తెచ్చి పెట్టాడు. ముందు ఆటకోతి ఒకదాన్ని దాని ఎదుట నిలబెట్టాడు. అది పళ్లు బయటపెట్టి, అద్దంలో కోతి మీదికి దూకి, దొరక్క అద్దం వెనక్కి పరిగెత్తి వెతికింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత అవ్వను తెచ్చి కూర్చోబెట్టాడు. అప్పుడే చూశాను, దాని కనుబొమ్మ పైన నీలం మచ్చ ఉంది. అది నిద్రలో ఉండగా మామ పెట్టాడన్నమాట, దానికి తెలియదు.

అవ్వ అద్దంలోకి చూసింది. కాసేపు కదల్లేదు. అద్దం జోలికి పోలేదు. చెయ్యి నిదానంగా ఎత్తి, తన కనుబొమ్మ మీదే, సరిగ్గా ఆ మచ్చ మీదే వేలు పెట్టుకుంది. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్లీ అద్దంలోకి చూసి మళ్లీ తడుముకుంది. నా నవ్వు ఆగిపోయింది.

"మొదట్ల ఇది గూడ అద్దాన్ని కొట్టేది," అన్నాడు మామ. "చూడంగ చూడంగ ఎర్కైంది. మచ్చ ఉన్నా లేకున్నా, అద్దంల ఉన్నది తానే అని."

దాని భుజం మీదుగా నేనూ అద్దంలోకి చూశాను. నా నుదుటి మీదా నీలం ఉంది. ఆలోచించలేదు, చొక్కా కొస ఉమ్మితో తడిపి గబగబా రుద్దుకోవడం మొదలుపెట్టాను. రుద్దేకొద్దీ అది పాకింది. మామ ఆపలేదు, నవ్వలేదు. అవ్వ నా వైపు తిరిగి, నా నుదురు వేలితో తాకి, ఆ వేలినీ వాసన చూసింది. ఇంట్లో రోజూ సాయంత్రం వచ్చే వాసనే అది. నాకు ఏడుపు వచ్చింది.

"మీ బాపు చేతులు ఇంక పది దినాలు గిట్లనే తోమితే పనికి రావు," అన్నాడు మామ.

తిరిగి వస్తూ నన్ను మిల్లు గేటు దగ్గర దింపమన్నాను. మిల్లుకు ఆదివారమూ సెలవు లేదు. షిఫ్టు వదిలే వేళ, గేటు బయట టీ బండి దగ్గర జనం. మా బడి పిల్లవాడొకడు కూడా వాళ్ల నాన్న స్కూటర్ వెనక కూర్చుని ఉన్నాడు. బాపు బయటికి రాగానే "బాపూ" అని గట్టిగా పిలిచాను. ఆయన ముందు ఆ పిల్లవాణ్ణి చూశాడు, తర్వాత నన్ను. దగ్గరికి వచ్చి నా నుదురు చూసి, పగిలిన బొటనవేలిని తడి చేసి ఆ మచ్చను తుడవబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని "ఉండనీ" అన్నాను. ఆ రాత్రి బ్లీచింగ్ పొట్లం విప్పలేదు. చేతులు మానడానికి నెల పట్టింది.

కథ ఇక్కడితో బాగుపడిందని చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ బాపు ఆ తర్వాత ఎన్నడూ మా బడి మెట్లెక్కలేదు. ఎన్నిసార్లు పిలిచినా పని ఉందనేవాడు, మార్కుల కాగితం మీద సంతకానికి అమ్మను పంపేవాడు. నా మీద కోపమేమీ లేదు, అదే నాకు కష్టంగా ఉండేది. నోటితో ఒకసారి అన్నదాన్ని గేటు దగ్గర ఎంత గట్టిగా అరిచినా వెనక్కి తేలేకపోయాను.

ఆయన ఎంత ఆపినా చివరికి నేనూ ఆ తొట్ల దగ్గరికే చేరాను. ముప్పై నాలుగేళ్లు చేసి అలసిపోయి పని మానేశాను. మోకాళ్లు పోయాయి, గోళ్ల అంచుల నీలం మాత్రం ఉంది. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తే ఇప్పుడు అచ్చం మా బాపు ముఖమే కనబడుతుంది, అవే చెవులు, అదే మెడ. చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోతుంది. ఎవరు అని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అడిగేవాళ్లే ఇప్పుడు లేరు.