విన్నోళ్లే తొయ్యల్ల

పోయిన నెలలో ఒక సాయంత్రం మా పెదనాయన పోయారు. కర్నూలులో బాడుగ కారు నడిపిన మనిషి, ఆ కారు స్టీరింగు ముందే కన్నుమూశారు. రేడియోలో పాట సన్నగిల్లి ఆగిపోతే, బ్యాటరీ అయిపోయిందనుకుని మా పెద్దమ్మ కిటికీలోంచి ఆయన్ను లోపలికి రమ్మని పిలిచింది. ఆయన పలకలేదు.

రాజధాని ఇక్కడున్న రోజుల్లో మీలో ఎవరైనా ఆ నల్లకారు ఎక్కి ఉంటే, అందులోని రేడియోను చూసి నవ్వుకునే ఉంటారు. కారుతో వచ్చిన కంపెనీ రేడియో మూగబోయింది. అలాంటిదే మళ్లీ కొనడం ఆయన తాహతుకు మించిన పని. బజారులో రేడియోలు బాగుచేసే అతని చేత చౌకలో ఒకటి కట్టించి బిగించుకున్నారు. పాతది తీసిన గుంత పెద్దది, కొత్తది చిన్నది. మిగిలిన సందును వేపచెక్కతో మూశారు. పట్టుచీరకు గోనెసంచి అతుకు వేసినట్టుందని నేనే ఎగతాళి చేశాను.

"పలికితే సాలప్పా. అది మీ పెద్దమ్మ చెవులకు గానీ నీ కండ్లకు గాదు" అన్నారు.

పెద్దమ్మ నడుము పడిపోయి ఏళ్లుగా మంచం మీదే ఉంది. ఇంట్లో కరెంటు లేదు. ఆమెకు పొద్దుపోయేది ఆ రేడియోతోనే. అందుకే బాడుగలు ముగించుకొచ్చి, కారును ఆమె కిటికీకి ఆనుకున్నంత దగ్గరగా నిలిపేవారు. మా వీధివాళ్లమంతా అరుగుల మీద చేరేవాళ్లం. ఆ చౌక రేడియో బ్యాటరీని పీల్చి పిప్పి చేసేది. తెల్లారి కారు కదిలేది కాదు. అప్పుడు ఆయన శాసనం ఒక్కటే: "విన్నోళ్లే తొయ్యల్ల." నేను పాటలు వినలేదు, వార్తలే విన్నానని ఒకసారి తప్పించుకోబోయాను. వార్తలకు బ్యాటరీ కాలదా అని అడిగి, నన్నూ కారు వెనక నిలబెట్టారు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక బాడుగలు పడిపోయాయి. కారు అమ్మేయమని చుట్టాలంతా పోరు పెట్టారు. ఆయన విన్నట్టే తలూపి, సాయంత్రానికి మళ్లీ కిటికీ పక్కనే నిలిపేవారు. ఆ మంకుపట్టు పెద్దమ్మ కోసమేనని అందరికీ తెలుసు.

ఇక నడిపేవాళ్లు లేరు. దినాలు అయ్యాక పెద్దమ్మే కారు అమ్మేయమంది. కారు కొన్నాయన నిన్న పొద్దున ఎర్రగుంట్ల నుంచి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఎవరూ పిలవకుండానే వీధంతా బయటికొచ్చి కారు వెనక నిలబడింది.

పెద్దమ్మ కిటికీ ఊచల్లోంచి చేయి చాపి కారు మీద పెట్టింది.

"అందరికన్నా నేనే శానా విన్నా గదప్పా. నన్నూ తొయ్యనీండి" అంది.

తోశాం. ఆమె అరచేతి కిందినుంచి కారు మెల్లగా జారిపోయింది. వీధి మలుపులో ఇంజను అందుకుంది. ఆయన పోయిన సాయంత్రం వేసిన రేడియో మీటను ఎవరూ ఆపినట్టు లేదు. కాసేపటికి రేడియో లోపలి వాల్వులు వేడెక్కి, పాట మొదలైంది. కారు కనబడకుండా పోయినా కొంతసేపు వినబడుతూనే ఉంది. పాట కూడా ఆగిపోయాక చూస్తే, పెద్దమ్మ చేయి ఇంకా ఊచల బయటే ఉంది.