అద్దె ఆయనది, వంటిల్లు నాది

పెళ్ళయిన మొదటి నెలలోనే మావారు తేల్చి చెప్పేశారు. "నీ జీతం నీది, నా జీతం నాది. అద్దె నేను కడతాను, వంటింటి ఖర్చు నువ్వు చూసుకో." భార్య జీతం ముట్టుకోని మగవాణ్ణని స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకునేవారు. వాళ్ళు నన్ను చూసి, "అదృష్టవంతురాలివమ్మా" అనేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రాజధాని మారినప్పుడు ఆఫీసుతోపాటు కర్నూలు నుంచి వచ్చిన గుమాస్తా ఆయన. నేను పెళ్ళయి వస్తూనే నాంపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరాను. స్టేషను వెనక సందులో, మేడమీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. కింది వాటాలో ఇంటి యజమానురాలు, పాత హైదరాబాదు మనిషి, భర్త పోయిన పెద్దావిడ. మేమున్నన్నాళ్ళలో ఆమె అద్దె పెంచింది ఒక్కసారే. బియ్యం, నూనె, పప్పు, పాలు మాత్రం ఏటా పెరుగుతూనే వచ్చాయి. ఎంత పెరిగాయో ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదు. ఆయనకు మిగిలిన డబ్బు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఆయన ఖాతాలో చేరేది. అందులోంచి స్కూటరు వచ్చింది, ఊరి బయట జాగా వచ్చింది, రెండూ ఆయన పేరు మీదే. నా జీతం అందరి కడుపుల్లోకీ పోయింది. తిన్న అన్నం ఎవరికి గుర్తుంటుంది?

ఏటా జనవరిలో, నాంపల్లి ఎగ్జిబిషన్ రోజుల్లో తెనాలి నుంచి బావగారి కుటుంబం దిగేది. పిల్లలతో సహా వచ్చి వారాల తరబడి ఉండేవారు. వాళ్ళను స్టేషను నుంచి తీసుకొచ్చి, "అన్నయ్యకి గుత్తివంకాయ ఇష్టం. వదినకి కాఫీ చిక్కగా ఉండాలి" అని నాకు చెప్పేసి ఆయన స్నానానికి వెళ్ళిపోయేవారు.

ఒక ఏడు వాళ్ళుండగానే నా చేతిలో డబ్బు అయిపోయింది. నూనెకు కొంచెం ఇమ్మని అడిగాను. బావగారు పక్కనే కూర్చుని ఉన్నారు.

"నీ పద్దు నీదే కదా. కాస్త పొదుపు నేర్చుకో" అన్నారు ఈయన.

బావగారు నవ్వారు. వాళ్ళిద్దరికీ వడ్డించాను.

వాళ్ళు వెళ్ళాక చెప్పాను. "వచ్చే జనవరి నుంచి అద్దె నేను కడతాను. వంటింటి ఖర్చు మీరు పెట్టండి."

"అంతేగా" అన్నారు, పేపరు లోంచి తల ఎత్తకుండా.

ఆ జనవరిలో జీతం అందగానే కిందికి వెళ్ళాను.

"పిన్నిగారూ, ఇకనుంచి అద్దె నేనిస్తాను."

"గిదేంది బిడ్డా, ఎప్పుడు సారే ఇస్తడు గదా. సారు పానం మంచిగున్నదా?"

"బాగానే ఉన్నారండీ. వంటింటి ఖర్చు ఆయన పెడుతున్నారు."

ఆవిడ డబ్బు అందుకుంది. "మంచి పని జేసినవ్. మా ఆయన ఉన్నన్నాళ్ళు నేను గిట్ల అడగలేకపోయిన" అంది.

బావగారి కుటుంబం మామూలుగానే వచ్చింది. మొదటి రోజు మావారు బేరమాడకుండా సంచి నిండా కూరగాయలు తెచ్చారు. వారం తిరిగేసరికి కాఫీలో చికోరీ ఎక్కువ వెయ్యమన్నారు. తర్వాత సాయంత్రం టిఫిన్ దేనికన్నారు. ఒకరోజు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "కొంచెం డబ్బు సర్దు" అన్నారు.

"మీ పద్దు మీదే కదండీ."

"మెల్లగా. వాళ్ళు వింటారు."

"పోయినేడు నన్నన్నప్పుడు విన్నారు కదా."

మర్నాడు కాఫీ తాగుతూ ఆయనే అన్నారు. "ఈసారి ఎగ్జిబిషన్‌లో పెద్దగా ఏం లేదన్నయ్యా. ఒకసారి చూస్తే చాలు." రెండు రోజుల్లో వాళ్ళు రైలెక్కారు.

నేను గెలిచానని సంతోషించాలేమో. నాకు మాత్రం కోపం రెట్టింపయింది. ఆ ఒక్క మాట ఇన్నేళ్ళూ నా కోసం ఎందుకు అనలేకపోయారు? తన జేబుకు చిల్లు పడితే గానీ ఆయన నోరు పెగల్లేదు.

నెలాఖరున కొత్త ఉపాయంతో వచ్చారు. "ఇద్దరి జీతాలూ కలిపేద్దాం. ఖాతా నా పేరు మీద ఉంటుంది. నీకు ఎప్పుడు ఎంత కావాలన్నా అడుగు, ఇస్తాను."

"అడగను" అన్నాను. "ఖాతా ఇద్దరి పేర్ల మీదా ఉండాలి. లేదంటే అద్దెలో సగం, వంటింట్లో సగం."

చాలా రోజులు ఇద్దరికీ మాటల్లేవు. పేరు పంచుకోవడం కంటే ఖర్చు పంచుకోవడమే ఆయనకు తేలికనిపించింది. సగం సగానికి ఒప్పుకున్నారు.

కొన్నాళ్ళకు ఆయన స్నేహితులు ఇంటికి వచ్చారు. "మా ఇంట్లో అన్నీ చెరి సగం. ఆ పద్ధతి నేనే పెట్టాను" అంటున్నారు ఈయన. నేను కాఫీలు అందిస్తున్నాను.

"ఆయన పెట్టలేదండీ. నేను పోట్లాడి తెచ్చుకున్నాను" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక, నలుగురిలో పరువు తీశావన్నారు. తీశాను. అందుకు అప్పుడూ విచారపడలేదు, ఇప్పుడూ పడను.