పదో పుస్తకం

మా కాలేజీలో నాకు భయపడని పిల్లలు లేరు. ఆ సంగతి గొప్పగానే చెప్పుకునేదాన్ని. పొద్దున జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే, అద్దె బిల్డింగులో నడిచే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. అక్కడ పదేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. రైల్లో సీటు దొరక్క నిలబడి వచ్చిన రోజు క్లాసులో ఎవరో ఒకరికి మూడిందే. పాఠం మధ్యలో ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు మంట. నాకు తెలియనిది అడిగితే మరీ మంట.

ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు రికార్డు రాయాలి. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సీనియర్ రికార్డు జూనియర్ చేతికి వస్తుంది. జూనియర్ దాన్ని ముందు పెట్టుకుని తెల్లకాగితాల మీద దించుతాడు, అట్ట మీద పేరు మార్చి బైండింగు చేయిస్తాడు, నేను సంతకం పెడతాను. టాపిక్కులు ఆరే. పట్టుపురుగులు, వానపాముల ఎరువు, చెరువు చేపలు, దోమలు, తేనెటీగలు, పగడపు దిబ్బలు. చీటీలు వేసి పంచుతాం. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు పగడపు దిబ్బలెందుకని ఎవరూ అడగలేదు. ఆ టాపిక్‌కు పాత రికార్డు ఉంది, అంతకంటే కారణం అక్కర్లేదు. ఆ రికార్డు నాదే.

భూపాలపల్లిలో డిగ్రీ చదివినప్పుడు రాసింది అది. మా నాయిన బొగ్గుబాయిలో దిగేవాడు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని కాబట్టి పాస్ కావడమే నాకు కావాలి, పగడాలతో నాకేం పని? చివరి పేజీలో ఆధారాలు పదికి తగ్గొద్దని మా సారు హుకుం. ఆధారాలంటే ఏయే పుస్తకాలు చూసి రాశామో ఆ జాబితా. నేను చూసింది ఒక్కటే, మా పాఠ్యపుస్తకం. దాని వెనక అచ్చేసిన పేర్లలోంచి తొమ్మిది ఎత్తి రాశాను. పదోది దొరకలేదు. మధ్యాహ్నానికల్లా రికార్డు ఇవ్వాలి. అప్పుడు పదో పుస్తకాన్ని నేనే పుట్టించాను. ఒక తెల్లదొర పేరు పెట్టి, హిందూ మహాసముద్రంలోని పగడపు దిబ్బల రక్షణ మీద రెండు సంపుటాలు రాశాడని, చెన్నైలో ఫలానా వీధిలో అచ్చయిందని రాశాను. ఒక్క సంపుటమైతే నమ్మరేమోనని రెండు చేశాను. సారు పేజీ మీద వేలు పెట్టి ఒకటి నుంచి పది దాకా జరిపి సంతకం చేశాడు.

ఉద్యోగంలో చేరినప్పుడు నమూనాకని ఆ రికార్డే తెచ్చి పిల్లలకిచ్చాను. ఏటా పగడాల చీటీ వచ్చినవాళ్లు దాన్ని దించారు. ఏటా ఆ పదో పుస్తకం కింద నేను సంతకం పెట్టాను. మొదట్లో ఆ పేరు కనబడితే నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత అది నిజం పుస్తకమేనేమో అన్నట్టు అలవాటైపోయింది.

ఒక ఏడాది పగడాల చీటీ ఇద్దరికి వచ్చింది. ఒకడు టౌనులో ఉండే అబ్బాయి. మూడో రోజుకే బైండింగుతో సహా రికార్డు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. రెండో ఆమె డోర్నకల్ అవతల ఒక తండా నుంచి వచ్చే పిల్ల. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు, మా దగ్గరికొచ్చాక ఇంగ్లీషు. ఆమె రికార్డు తేలేదు. చివరి పేజీ ఒక్కటి రాసుకుని స్టాఫ్‌రూంకి వచ్చింది.

"మేడం, గీ పుస్తకాలు ఏడ దొర్కుతయి?"

అన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. ఆధారాలని రాసినవి చదవాల్సిన పుస్తకాలని ఆమె అనుకుంది. మా కాలేజీలో ఆ పొరపాటు చేసింది ఆమె ఒక్కతే. పక్కన కూచున్న కెమిస్ట్రీ మేడం కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వి, వెతుక్కో, వెతకడమే పరిశోధన అని చెప్పి పంపేశాను. పీడ విరగడైందనుకున్నాను.

విరగడ కాలేదు. వారంవారం వచ్చి ఏం దొరికిందో చెప్పిపోయేది. టౌను లైబ్రరీలో అన్నీ పోటీపరీక్షల పుస్తకాలేనట. అయినా బీరువా అడుగున పాత విజ్ఞాన సర్వస్వం ఒకటి కనబడిందట, అందులో పగడపు జీవి బొమ్మ ఉందట, దాన్ని పెన్సిల్‌తో దించుకొచ్చి చూపించింది. వరంగల్‌లో యూనివర్సిటీ లైబ్రరీకి పోతే కాలేజీ నుంచి లెటర్ కావాలన్నారట. ఆ లెటర్ కోసం రెండు వారాలు నా చుట్టూ తిప్పుకున్నాను. ఆమె గుమ్మం దగ్గర నిలబడితే చూసీ చూడనట్టు పేపర్లు దిద్దుకునేదాన్ని. పనెక్కువైందనో, మరిచిపోయాననో ఇప్పుడు సర్ది చెప్పుకోవచ్చు. అసలు సంగతి, ఆమెను అలా నిలబెట్టడం నాకు బాగుండేది.

చివరికి లెటర్ చేతికొచ్చి లైబ్రరీలో కాలు పెట్టాక ఆమెను ఆపడం నా చేతిలో లేకుండా పోయింది. అక్కడ పనిచేసే ఒక అన్న పరిశోధన పత్రాలు ఎలా వెతకాలో నేర్పాడట. ఫోన్లో ఉత్తగా పగడం అని కొడితే ఉంగరాలు, జాతకాలు వస్తాయని, శాస్త్రీయ నామం పక్కన తీరం పేరు కలిపి కొట్టాలని నాకే పాఠం చెప్పింది. ఒక పత్రం చివరనున్న జాబితా పట్టుకుని వెనక్కి, ఇంకా వెనక్కి పోతే అసలు ఆ మాట మొదట చెప్పినవాళ్లు దొరుకుతారట. డబ్బు కడితేనే చదవనిచ్చేలా తాళం వేసి పెట్టిన పత్రమైతే, అది రాసినవాళ్లకే మెయిల్ పెడితే ఉత్తగనే పంపిస్తారట. అట్ల ముగ్గురు పంపారట, ఒకాయన బాగా చదువుకొమ్మని కూడా రాశాడట. పీహెచ్‌డీ గ్రంథాలను ఎవరైనా చదువుకునేలా ఉచితంగా పెట్టిన చోటు కూడా ఉందట. నేను ఎమ్మెస్సీ చేశాను, బీఎడ్ చేశాను. ఇందులో ఒక్క ముక్క నాకు తెలియదు. అన్నీ తెలిసినట్టు తలూపాను.

నా తొమ్మిదిలో ఏడు పుస్తకాలు ఆమెకు దొరికాయి. వాటిలో రెండింటికి నేను సంవత్సరం తప్పు రాశానని దిద్దింది. పదోది మాత్రం ఎక్కడా చిక్కలేదు. అదొక్కటి దొరికితే చాలని, రెండు సంపుటాలంటే మన దిబ్బల గురించి అన్నీ అందులోనే ఉంటాయని ఆశగా అనేది. అప్పుడే చెప్పేసి ఉంటే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆ చలికాలంలో కాలేజీకి ఒక ఉత్తరం వచ్చింది. తమిళనాడు తీరంలో పగడపు దిబ్బలను కాపాడే పని చేసే ఒక కేంద్రం ఎండాకాలంలో మూడు వారాల శిక్షణ ఇస్తుందని, మా కాలేజీ నుంచి ఒకరిని పంపొచ్చని. పడవ మీద తీసుకుపోయి, కళ్లకు అద్దాలు పెట్టి, నీళ్లలోకి దింపి దిబ్బలు చూపిస్తారు. బాగా చేసినవాళ్లను ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మళ్లీ పిలుస్తారు. ఉత్తరం నోటీసు బోర్డు మీద పెట్టిన వారానికి ఆమె తండ్రి కాలేజీకి వచ్చాడు. ఈ సీటు వస్తే ఎట్లనో అట్ల పైచదువు చదివిస్తాడు. రాకపోతే డిగ్రీతో చాలు, హైదరాబాదులో ఉన్న అన్న దగ్గరికి పంపిస్తాడు, అక్కడ బట్టల దుకాణంలో పని మాట్లాడిపెట్టారు. ఇదంతా చెప్పి, "పిల్ల మీ మీదనే నమ్మకం పెట్టుకున్నది, జర చూడుండ్రి మేడం," అన్నాడు. చూద్దాం అన్నాను.

ఎంపిక రోజు ముగ్గురం కూచున్నాం. ప్రిన్సిపాల్, జనగామ నుంచి పిలిపించిన ఒక రిటైర్డ్ లెక్చరర్, నేను. పగడాల మీద రికార్డు రాసినవాళ్లనే పిలిచాం కాబట్టి అభ్యర్థులు ఇద్దరే, ఆ అబ్బాయి, ఈమె. అబ్బాయి రికార్డు నున్నగా మెరుస్తోంది. ఆమెది కాగితాలు అతికించి అతికించి ఒకవైపు ఉబ్బిపోయింది. రిటైర్డ్ సారు దాన్ని తిప్పుతూ చివరి పేజీల దగ్గర ఆగిపోయాడు. ప్రతి పుస్తకం పక్కన అది ఎక్కడ దొరికింది, ఏ రోజు చదివింది, ఏ పేజీలు వాడుకుంది రాసి ఉంది. పదోదాని పక్కన దొరకలేదు అని రాసి, కింద వెతికిన చోట్లన్నీ వరుసగా పెట్టింది. ఆ కింద ఒక పోస్టు కవరు అతికించి ఉంది. చెన్నైలో నేను రాసిన ఆ వీధికి ఉత్తరం వేసిందట. అలాంటి చిరునామా లేదని ముద్ర కొట్టి పోస్టువాళ్లు తిప్పి పంపారు.

ఆయన కళ్లద్దాలు తీసి, ఈ పుస్తకం సంగతి నీకెవరు చెప్పారమ్మా అని అడిగాడు. మేడం ఇచ్చిన పాత రికార్డులో ఉందని చెప్పింది. ఆ గొంతులో నన్ను తప్పుపట్టడం ఇసుమంతైనా లేదు. తనకే సరిగ్గా వెతకడం రాలేదేమో సార్ అని కూడా కలిపింది. ఆయన నా వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. పాత రికార్డులో ఏదో పొరపాటు పడిందండీ అంటే సరిపోయేది. ఆయన నవ్వి పేజీ తిప్పేవాడు.

"ఆ పుస్తకం నేను సదివిన. నా దగ్గర ఉన్నది," అన్నాను. "నీకు ఎతుకుడు రాక పుస్తకమే లేదని రాస్తవా? చెరువు దాటి చూడనోళ్లకు సముద్రమెందుకే?"

ఆమె ముఖం మొదట వెలిగింది. పుస్తకం ఉందన్న మాట ఒక్కటే ముందు చెవిన పడింది. మిగతా మాటలు కాస్త ఆలస్యంగా తగిలాయి, అప్పుడు తల దించుకుంది. నేను అక్కడితో ఆపలేదు. ఉన్న పుస్తకాన్ని లేదని రాసే పిల్లను పంపితే కాలేజీ పరువేం కావాలని ప్రిన్సిపాల్‌తో ఇంగ్లీషులో అన్నాను, ఆమెకు అర్థం కాదన్నట్టు. ఆమెకు ప్రతి మాటా అర్థమైంది. రిటైర్డ్ సారు ఏదో అనబోయాడు. పిలిస్తే వచ్చిన మనిషి, మనకెందుకని కళ్లద్దాలు పెట్టుకుని ఆమె రికార్డు మూసేశాడు. అబ్బాయి రికార్డులో పదికి పది ఆధారాలున్నాయి, పదోదానితో అతనికి ఏ పేచీ లేదు. సీటు అతనికిచ్చాం.

సాయంత్రం నేను స్టేషన్‌కు బయల్దేరుతుంటే మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. సీటు గురించి బతిమాలుతుందని, ఏమనాలో ముందే అనుకుని దిగాను. ఆమె సీటు మాటే ఎత్తలేదు.

"ఆ పుస్తకం రెండు దినాలు ఇయ్యుండ్రి మేడం. సదివి మళ్ల తెచ్చిస్త."

ఎవరికో ఇచ్చాను, ఇంకా తిరిగి రాలేదు అన్నాను. రైలు పోతుంది, జరుగు అన్నాను. ఆ రోజు రైలు గంట ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కూచుని ఆ గంటసేపూ ఆమెనే తిట్టుకున్నాను.

ఎండాకాలం పోయాక ఆ అబ్బాయి శిక్షణ నుంచి వచ్చి నాకో కానుక ఇచ్చాడు. కాగితంలో చుట్టిన తెల్లటి పగడం, చిన్న మట్టి మూకుడంత ఉంది, ఆకారమూ అట్లాగే. పగడాన్ని సముద్రంలోంచి తీసుకురావడం చట్టప్రకారం నేరమని నేను చదివింది ఆమె రికార్డులోనే. అయినా తీసుకున్నాను. ఎక్కడిదంటే దొరికింది మేడం అన్నాడు. టేబుల్ మీద బోర్లిస్తే కదలకుండా కూచుంది. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా బాగా పనికొచ్చింది. వచ్చినవాళ్లందరికీ మా స్టూడెంట్ సముద్రం నుంచి తెచ్చాడని చూపించేదాన్ని.

వానలు ముదిరాక ఆమె సర్టిఫికెట్లు తీసుకోవడానికి వచ్చింది. అవి ఇవ్వాలంటే ఒక కాగితం మీద నా సంతకం కూడా కావాలి. బట్టల దుకాణంలో చేరి నెలయిందట. కాగితం నా ముందు పెడుతూ పగడాన్ని చూసి ఆగిపోయింది. పట్టుకోవచ్చా మేడం అని అడిగింది. ఊ అన్నాను. రెండు చేతులతో ఎత్తి తిప్పి, లోపలి వైపు వేలు పోనిచ్చింది. అప్పటిదాకా పగడాన్ని ఆమె ఫోన్లోనూ పుస్తకాల్లోనూ తప్ప చూడలేదు. ఒక్కొక్క గుంట ఒక్కొక్క జీవి ఇల్లని, ఇంత కావడానికి ఏళ్లకేళ్లు పడుతుందని తనలో తాను అనుకున్నట్టు చెప్పింది. ఎక్కడిదని అడిగింది.

"దొర్కిందట," అన్నాను.

"ఇది ఊకెనే దొర్కది మేడం. ఇరగ్గొట్టాలె. గీ అంచు చూడుండ్రి, ఎట్ల ఇరిగిందో."

నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గేసిందని రాస్తే చదవడానికి బాగుంటుంది, కానీ సిగ్గు కాదు, కోపమే. సంతకం గీకి కాగితం ఆమె వైపు తోశాను. బస్సుకు టైమవుతుంది పో అన్నాను. ఆమె చున్నీ అంచుతో పగడం మీది దుమ్ము తుడిచి మళ్లీ టేబుల్ మీద పెట్టింది, ఈసారి వెల్లకిలా. అది కాస్త అటూ ఇటూ ఊగి ఆగింది.

"నోళ్లు పైకి ఉండాలె మేడం," అని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగిపోయాక వంగి చూశాను. లోపలంతా గుంటలు, వందల నోళ్లు. అన్నాళ్లు దాన్ని తలకిందులుగా పెట్టి ఊరందరికీ చూపించాను, నేనూ, నీళ్లలో దిగి చూసొచ్చిన ఆ అబ్బాయీ ఇద్దరం కలిసి. ఆమె ఇప్పుడు హైదరాబాదులో చీరలు మడతపెడుతోంది. సముద్రం ఇంకా చూడలేదని విన్నాను.