లెంపల మామ్మ

వీధిలో అందరూ ఆవిణ్ణి లెంపల మామ్మ అంటారు. కాలికి ఏది తగిలినా చాలు, ఆగి, దాన్ని తాకి కళ్ళకద్దుకుని, టపటపా లెంపలేసుకుంటుంది. పుస్తకానికైతే సరే, ఎవరైనా చేస్తారు. ఈవిడ చెప్పుల స్టాండుకీ చేస్తుంది, చీపురుకీ చేస్తుంది. "అన్నిట్లోనూ దేవుడున్నాడమ్మాయ్" అంటుంది.

ముందుగదిలో బట్టలు కుట్టే కోడలికి ఇదో తలనొప్పి. ఓసారి కొలతలివ్వడానికి వచ్చినావిడ ఎదుటే మామ్మ కుట్టుమిషను పెడలుకి లెంపలేసుకుంది.

"అత్తయ్యగారూ, పెడలున్నదే తొక్కడానికండీ!"

"నువ్వు పని కోసం తొక్కుతావు. నేను చూసుకోకుండా తొక్కాను. రెండూ ఒకటేనా?"

వచ్చినావిడ నవ్వీ నవ్వీ కొలతలివ్వడం మర్చిపోయి వెళ్ళిపోయింది.

మనవరాలికి ఐదేళ్ళు. అసలు పేరు ఏదైనా, అందరూ పిలిచే 'పిడుగు' అన్న పేరుకి మాత్రం అచ్చంగా తగ్గది. పిల్లకి కుర్చీ తగిలితే ఏ ఇంట్లోనైనా కుర్చీని నాలుగు బాది ఊరుకోబెడతారు. మామ్మ మాత్రం మోకాలికి నూనె రాసి, "పాపం, కుర్చీకీ దెబ్బ తగిలిందేమో అడగవే" అనేది. పిడుగు ఏడుపు మధ్యలో ఆపి కుర్చీ కాలికీ నూనె రాసేది. "ఈ ఇంట్లో నాకు తప్ప అన్నిటికీ మర్యాదే" అని కోడలు గొణుక్కునేది.

ఒక మధ్యాహ్నం కోడలు మిషను దగ్గరికొచ్చి చూసింది. సాయంత్రం టీచరమ్మ తీసుకెళ్ళాల్సిన పట్టు జాకెట్టు చేతికి అరచేతంత కన్నం! ఆ ముక్క పిడుగు బొమ్మ ఒంటిమీద నిగనిగలాడుతోంది.

"ఎవరే కత్తిరించింది?"

"పిల్లి."

"మనింట్లో పిల్లెక్కడిదే? అబద్ధాలు కూడా నేర్చావా? నా కడుపున చెడబుట్టావు!" అంటూ కోడలు బల్లని దబీమని చరిచింది. పిడుగు ఆ బల్ల కిందకే దూరి గోడకి అతుక్కుపోయింది. లాలించినా రాదు, బెదిరించినా రాదు. జాకెట్టు సంగతి అటుంచి, పిల్ల ఇలాగే అబద్ధాలకోరు అయిపోతుందేమోనని కోడలికి బెంగ పట్టుకుంది.

మామ్మ వచ్చి నేలమీద చతికిలబడింది. కత్తెరని కళ్ళకద్దుకుంది. "అమ్మా కత్తెరా, నిన్ను పిల్లకి అందేచోట పెట్టింది నేనే. తప్పయింది." టపటపా లెంపలు.

"ఇప్పుడు కూడానా అత్తయ్యగారూ!" కోడలికి ఒళ్ళు మండిపోయింది.

మామ్మ జాకెట్టుని బల్ల పక్కన పరిచింది. కాసేపటికి బల్ల కిందనుంచి ఓ చిన్న చెయ్యి వచ్చి జాకెట్టుని తడిమింది.

"పిల్లి కాదు. నేనే. తప్పయింది." ఆ వెనకే లెంపల చప్పుడు.

సాయంత్రం టీచరమ్మకీ పిడుగే చెప్పింది, మామ్మ కొంగు పట్టుకుని. టీచరమ్మ ముందు మొహం ముడుచుకుంది. తర్వాత బొమ్మని చూసి నవ్వేసింది. "సరే, నాది చేతుల్లేకుండా కుట్టెయ్యండి. ఈ ఎండలకి అదే నయం."

ఆవిడ వెళ్ళాక కోడలు నెమ్మదిగా అంది, "ఇదంతా దేవుడి కోసమే అనుకున్నానండీ."

"దేవుడి కోసమేనమ్మా, పిల్లల కోసం కూడా. మీ ఆయన చిన్నప్పుడు ఏం పగలగొట్టినా అబద్ధమే చెప్పేవాడు. వాళ్ళ నాన్నంటే అంత హడలు. మనిషి మొహం చూసి తప్పయిందనడానికి పిల్లలకి ధైర్యం చాలదు. కుర్చీ అయితే తిట్టదు కదా! దాని దగ్గర అలవాటైతే మన దగ్గరకీ వస్తారు."

కోడలికి మధ్యాహ్నం పిల్లని అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. పిడుగు మొహం చూసి చెబుదామంటే ధైర్యం చాలలేదు. లేచి బల్ల దగ్గరికెళ్ళింది.

"అమ్మా బల్లా, కోపంలో గట్టిగా కొట్టాను. అనకూడని మాట కూడా అన్నాను. తప్పయింది" అని లెంపలేసుకుంది.

పిడుగు వచ్చి బల్లకి చెవి ఆనించి, శ్రద్ధగా వింది.

"పర్లేదంటోందమ్మా" అంది. "కొంచెం నూనె రాయమంటోంది."